గూగుల్ ఫ్యామిలీ లింక్: పిల్లల ఫోన్‌కు ఎంతవరకు కాపలా?

పిల్లల చేతికి సొంత ఆండ్రాయిడ్ ఫోన్ ఇచ్చిన ఇంట్లో, డబ్బులు పెట్టి ఏ యాప్ కొనకముందే చూడాల్సింది ఫ్యామిలీ లింక్. పిల్లల ఫోన్ వాడకాన్ని అమ్మానాన్నలు తమ ఫోన్ నుంచి అదుపులో పెట్టే గూగుల్ యాప్ ఇది, ఉచితం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు బాగా సరిపోతుంది. అమ్మానాన్నల ఫోన్ ఆండ్రాయిడ్ అయినా, ఐఫోన్ అయినా పర్వాలేదు. పిల్లల చేతిలో మాత్రం ఆండ్రాయిడ్ ఫోనో, ట్యాబో, క్రోమ్‌బుక్కో ఉండాలి. వాళ్లది ఐఫోన్ అయితే దీని జోలికి పోకుండా యాపిల్ వాళ్ల స్క్రీన్ టైమ్ పెట్టుకోండి.

పిల్లల పేరు మీద ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అసలుదే ఇవ్వండి. త్వరగా పని అయిపోతుందని వయసు పెంచి వేస్తే గూగుల్ ఆ ఖాతాను పెద్దవాళ్ల ఖాతాగా చూస్తుంది, వయసును బట్టి పడాల్సిన కట్టడులు పడవు. ఇంటివాళ్ల గూగుల్ ఖాతాలను కలిపే ఫ్యామిలీ గ్రూప్‌లో మొత్తం 6 మందికే చోటు. అందులో అమ్మానాన్నలిద్దరికీ పేరెంట్ హోదా ఇవ్వండి. లేకపోతే ఒకరు ఆఫీసులో ఉండి చూసుకోనప్పుడు పిల్లలు అడిగిన అనుమతి అక్కడే ఆగిపోతుంది.

ఇందులో బాగా పనికొచ్చేది యాప్ అనుమతి. పిల్లలు ప్లే స్టోర్‌లో కొత్తగా ఏది డౌన్‌లోడ్ చేయబోయినా మీ ఫోన్‌కు రిక్వెస్ట్ వస్తుంది. అయితే ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఒకసారి అనుమతించిన యాప్‌కు అప్‌డేట్ వస్తే మళ్లీ అడగదు. మామూలు ఆటగా వచ్చిన యాప్‌లోకి తర్వాతి అప్‌డేట్‌తో చాట్ వచ్చి చేరినా మీకు కబురు రాదు. అందుకే రిక్వెస్ట్ వచ్చినప్పుడు 3+, 7+, 12+ అనే వయసు గుర్తు చూసి వదిలేయకండి. ఆటలో తెలియనివాళ్లతో మాట్లాడే వీలుందా, లోపల డబ్బులు పెట్టి కొనేవి ఉన్నాయా అన్నది కూడా చూడండి. ఆటల్లో జరిగే చాట్ మీద ఫ్యామిలీ లింక్‌కు ఏ పట్టూ లేదు. రోబ్లాక్స్ లాంటి ఆన్‌లైన్ ఆటలకు సొంత పేరెంటల్ కంట్రోల్స్ ఉన్నాయి, వాటిని విడిగా పెట్టుకోవాలి.

సమయం లెక్క దగ్గర చాలామంది తడబడేది ఒక్కచోటే. డైలీ లిమిట్ పిల్లవాడికి కాదు, పరికరానికి. 2 గంటలు పెట్టారనుకోండి, ఫోన్‌లో 2 గంటలు, ట్యాబ్‌లో ఇంకో 2 గంటలు వస్తాయి. రెండూ ఉంటే చెరో గంట పెట్టండి. "ఎప్పుడూ అనుమతి" జాబితాలో ఉన్న యాప్‌లకు లిమిట్ వర్తించదు కాబట్టి అందులో ఏమేం ఉన్నాయో ఒకసారి తెరిచి చూడండి. రాత్రి పడుకునే వేళకు డౌన్‌టైమ్ పెడితే ఫోన్ దానంతటదే లాక్ అవుతుంది. లాక్ అయినా వచ్చిన కాల్ ఎత్తవచ్చు, ఎమర్జెన్సీ కాల్ చేయవచ్చు. ఊళ్లో నెట్ లేని చోట పిల్లల ఫోన్ తెరవాల్సి వస్తే మీ యాప్‌లో కనిపించే పేరెంట్ యాక్సెస్ కోడ్ అక్కడ కొట్టండి. అది పనిచేయాలంటే రెండు ఫోన్లలోనూ టైమ్ ఆటోమేటిక్‌గా ఉండాలి.

పిల్లలు ఎక్కడున్నారో ఫ్యామిలీ లింక్‌లో చూస్తే లొకేషన్ గంటల కొద్దీ పాతదే చూపిస్తోందా? తప్పు సాధారణంగా ఫోన్ బ్యాటరీ సెట్టింగ్‌లో ఉంటుంది. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి. పిల్లల ఫోన్‌లో ఫ్యామిలీ లింక్‌కూ గూగుల్ ప్లే సర్వీసెస్‌కూ బ్యాటరీ ఆంక్ష తీసేసి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి.

క్రోమ్‌లో మూడు దారులున్నాయి: అన్ని సైట్లూ తెరవనివ్వడం, అశ్లీల సైట్లను ఆపే ప్రయత్నం చేయడం, మీరు ఒప్పుకున్న సైట్లే తెరవనివ్వడం. చిన్నపిల్లలకు మూడోదే పెట్టండి. ఈ కాపలా క్రోమ్ వరకే. ఇంకో బ్రౌజర్‌ను అనుమతించారో, పెట్టిన కట్టడి అంతా వృథా.

యూట్యూబ్‌లో పూర్తిస్థాయి యాప్ ఇవ్వాలనుకుంటే వయసును బట్టి వీడియోలను వడపోసే సెట్టింగ్‌లు ఉన్నాయి: ఎక్స్‌ప్లోర్ 9 ఏళ్లు దాటినవాళ్లకు, ఎక్స్‌ప్లోర్ మోర్ 13 దాటినవాళ్లకు. అంతకంటే చిన్నవాళ్లకు యూట్యూబ్ కిడ్స్ చాలు. ఈ వడపోతలో ఎక్కువ పని యంత్రాలదే, కొన్ని జారిపోతాయని యూట్యూబే చెబుతుంది. పిల్లలు చూస్తున్న తెలుగు కామెడీ వీడియోలను వారానికోసారి పక్కన కూర్చుని చూడండి. నచ్చని చానెల్‌ను అక్కడే బ్లాక్ చేయండి.

మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది: అన్నం తినిపించేటప్పుడో, ప్రయాణంలోనో అమ్మ ఫోనే పిల్లల చేతికి వెళ్తుంది. అక్కడ ఫ్యామిలీ లింక్ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ ఫోన్‌లో ఉన్నది పెద్దవాళ్ల ఖాతా. అప్పుడు తెరిచిన యాప్ నుంచి బయటికి పోనివ్వని యాప్ పిన్నింగ్ వాడండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ భాగంలో ఆన్ చేసి, "అన్‌పిన్ చేసే ముందు పిన్ అడుగు" అన్నదీ ఎంచుకోండి. పిల్లలు ఆ ఒక్క యాప్‌లోనే ఉంటారు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ మాత్రం పిల్లల ముందు కొట్టకండి.

ఇక అసలు లోటు: వాట్సాప్‌లో ఎవరు ఏం రాశారో, ఇన్‌స్టాలో ఎవరు పలకరించారో ఫ్యామిలీ లింక్ చూపించదు. అక్కడి కాపలాకు ఆ యాప్‌లలోని సెట్టింగ్‌లే వాడుకోవాలి. వాట్సాప్ ప్రైవసీలో గ్రూప్స్ అన్నది "మై కాంటాక్ట్స్"కు మార్చండి, ముక్కూమొహం తెలియనివాళ్లు గ్రూపులో చేర్చలేరు. ఇన్‌స్టాలో 18 ఏళ్ల లోపు వాళ్లకు రక్షణలు ముందే పెట్టి ఉన్న టీన్ ఖాతా ఉంటుంది. 16 లోపు వాళ్లు ఆ రక్షణలను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇది కూడా ఇచ్చిన పుట్టిన తేదీ నిజమైతేనే.

ఎవరైనా బెదిరిస్తే, ఫొటోలు అడిగితే, కంగారులో చాట్ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి, ప్రొఫైల్ లింక్ దాచి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. పిల్లల అశ్లీల చిత్రాలు గానీ వస్తే సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు. పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి, పిల్లలకు సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయండి.