కొత్త వెర్షన్‌లో కనబడకుండా పోయిన పాత పనిముట్లు: ఒక రహదారి డిజైన్ సాఫ్ట్‌వేర్ సమీక్ష

రహదారి డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు వచ్చే అప్‌గ్రేడ్‌లు రెండు తీరులుగా ఉంటాయి. ఏటా కొన్ని లోపాలు సరిదిద్ది, ఒకటి రెండు సదుపాయాలు చేర్చి విడుదల చేసేవి మొదటి తీరువి. వాటితో ఎవరికీ పెద్ద పేచీ ఉండదు. లోపలి యంత్రాంగాన్నంతా కొత్తగా నిర్మించి, పాత ఉత్పత్తికి కొనసాగింపు అన్న పేరుతో విడుదల చేసేవి రెండో తీరువి. ఈ సమీక్ష ఆ రెండో తీరు అప్‌గ్రేడ్ ఒకదాని గురించి. పాత వెర్షన్‌పై చాలాకాలం పనిచేసి, ఆ తరువాత కొత్తదానిపై ఒక కొత్త రహదారిని, ఒక విస్తరణ పనిని మొదటినుంచి చివరిదాకా నడిపిన అనుభవంతో రాస్తున్నాను. ఉత్పత్తి పేరు చెప్పడం లేదు. క్రాస్ సెక్షన్ల (రహదారిని అడ్డంగా కోసి చూపే బొమ్మల) ఆధారంగా నడిచిన తరం నుంచి కారిడార్ మోడల్ (రహదారినంతా ఒకే త్రిమితీయ నమూనాగా కట్టే పద్ధతి) ఆధారంగా నడిచే తరానికి మారుతున్న ఏ కార్యాలయానికైనా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి కనుక, పేరు తెలియకపోయినా చదివేవారికి లోటు ఉండదనుకుంటాను.

కొత్తదాని బలాన్ని ముందుగా చెప్పడం న్యాయం. పాత వెర్షన్‌లో అలైన్‌మెంట్‌లో (ప్లాన్ మీద రహదారి మధ్యరేఖలో) ఒక మలుపును కొద్దిగా పక్కకు జరిపితే, ప్రొఫైల్ (ఆ రేఖ వెంట ఎత్తుపల్లాలు చూపే గీత) కింద నేల మట్టాలను మళ్లీ తీయాలి, సెక్షన్లను మళ్లీ కోయించాలి, మట్టిపని పరిమాణాలను మళ్లీ లెక్కించాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి మరిచినా ప్లాన్ షీటుకూ సెక్షన్ షీటుకూ పొంతన ఉండేది కాదు. కొత్త వెర్షన్‌లో ఇవన్నీ ఒకే మోడల్‌కు వేలాడుతాయి కాబట్టి, మలుపు జరిపిన కొద్దిసేపటికే గట్ల వాలు అంచులు, కాలువ మట్టాలు, పరిమాణాలు అన్నీ దాని వెంట జరుగుతాయి. ఇంటర్‌చేంజ్‌లో ర్యాంపు ప్రధాన రహదారితో కలిసే చోట రెండు ఉపరితలాలు ఏ అంచున అతుక్కుంటున్నాయో మూడు కోణాల నుంచి తిప్పి చూడగలగడం, దృష్టి దూరాన్ని (డ్రైవర్‌కు ముందు రోడ్డు కనబడే దూరాన్ని) మోడల్ మీదే పరీక్షించగలగడం, నేలను చదును చేసే గ్రేడర్ యంత్రంలో దాని బ్లేడును నడిపే మెషిన్ కంట్రోల్ పరికరానికి ఉపరితలాన్ని నేరుగా అందించగలగడం నిజమైన లాభాలు. ఈ లాభాలను రుచి చూసిన తరువాత వెనక్కి వెళ్లాలని నేను కోరుకోవడం లేదు.

మెనూలు, టూల్‌బార్లు పోయి రిబ్బన్ (కమాండ్‌లను ట్యాబులుగా పేర్చిన పట్టీ) వచ్చిందన్న ఫిర్యాదు అందరినోటా వినబడుతుంది గానీ, నా దృష్టిలో అది చిన్న విషయం. పాత షార్ట్‌కట్‌లలో చాలావాటిని కొత్తదానికి నేర్పవచ్చు, తరచూ వాడే కమాండ్‌లను ఒక ట్యాబ్ కిందికి తెచ్చుకోవచ్చు, మిగిలినవాటికి చెయ్యి మెల్లగా అలవాటు పడుతుంది. ప్రొఫైల్ పట్టిక కూడా చెక్కుచెదరకుండా వచ్చింది: రెండు వాలుల మధ్య తేడా 3 శాతం ఉన్న చోట కే విలువ (వాలు ఒక్క శాతం మారడానికి పట్టే పొడవు) 50 అని కొడితే వర్టికల్ కర్వ్ (రెండు వాలులను కలిపే నిలువు వంపు) పొడవు 150 మీటర్లుగా వెంటనే సర్దుకుంటుంది, పాతదాని కన్నా చూపుకు తేటగా కూడా ఉంది. గీసే పనిముట్ల విషయంలో నాకు చెప్పుకోదగ్గ అసంతృప్తి లేదు. పోయినవి మరో కోవకు చెందినవి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబును పట్టుకుని, ఇది ఎక్కడినుంచి వచ్చింది అని అడగడానికి, అవసరమైన చోట ఆ ఒక్క జవాబును మార్చడానికి ఉపయోగపడేవే దాదాపు అన్నీ పోయాయి.

వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సెక్షన్‌ను చేత్తో సవరించే కిటికీ. పాత వెర్షన్‌లో ఏ చైనేజీ (రహదారి మొదలు నుంచి కొలిచే దూరం) దగ్గరి సెక్షన్‌నైనా తెరిచి, కాలువ అంచు బిందువుకు ఆఫ్‌సెట్ (మధ్యరేఖ నుంచి దూరం), మట్టం రెండు అంకెలు కొట్టి మూసేయవచ్చు. సవరించిన సెక్షన్ పక్కన ఒక గుర్తు పడేది, ఆ గుర్తులన్నిటినీ ఒక జాబితాగా తీసుకోవచ్చు. కొత్త వెర్షన్ తత్వం వేరు. సెక్షన్ అనేది మోడల్‌కు ఒక కోత మాత్రమే, దాన్ని విడిగా తాకకూడదు, మార్పు కావాలంటే మార్పుకు కారణమైన నియమాన్ని రాయాలి అంటుంది. కొత్త భూమి మీద వేసే రహదారికి ఈ తత్వం ఎంతో చక్కగా సరిపోతుంది. విస్తరణ పనిలో మాత్రం సెక్షన్ సెక్షన్‌కూ ఒక మినహాయింపు ఉంటుంది: ఒకచోట పాత కల్వర్టు తలగోడ, మరోచోట కదల్చలేని స్తంభం, ఇంకోచోట పాత రోడ్డు కామ్బర్ (నీరు పక్కకు జారే అడ్డు వాలు) తప్పడంతో పెరిగే లెవెలింగ్ పొర. ఇరవై మీటర్ల దూరంలో ఒక్కచోట కాలువను 30 సెంటీమీటర్లు లోపలికి జరపడానికి ఒక గీత గీసి, దానికి పేరు పెట్టి, టెంప్లేట్‌లోని (సెక్షన్‌కు అచ్చుగా వాడే నమూనాలోని) బిందువును ఆ గీతకు కట్టి, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పాల్సివస్తోంది. సెక్షన్ దగ్గరే విలువను మార్చే సదుపాయం ఒకటి ఇచ్చారు, నిజమే. కానీ టెంప్లేట్‌ను మార్చి మోడల్‌ను మళ్లీ కట్టించినప్పుడు ఆ మార్పులలో కొన్ని ఏ హెచ్చరికా లేకుండా చెరిగిపోతున్నాయి. ఏవి నిలిచాయో ఏవి పోయాయో చెప్పే జాబితా లేదు.

మట్టిపని నివేదిక విషయంలో జరిగింది ఇంకా సూక్ష్మమైనది. పాత నివేదికలో ప్రతి చైనేజీకీ తవ్వకం వైశాల్యం, నింపకం వైశాల్యం, రెండు సెక్షన్ల సగటు, మధ్య దూరం, పరిమాణం, అప్పటిదాకా మొత్తం అన్నీ వరుసగా ఉండేవి. రెండు సెక్షన్ల వైశాల్యాలు 40, 60 చదరపు మీటర్లు, మధ్య దూరం 20 మీటర్లు అయితే పరిమాణం 1000 ఘనపు మీటర్లని పక్కన కూర్చున్నవారు కాలిక్యులేటర్‌తో నిర్ధారించుకోవచ్చు. కొత్త వెర్షన్ తనంతట తాను ఇచ్చేది నేల ఉపరితలానికీ డిజైన్ ఉపరితలానికీ మధ్య ఉన్న పరిమాణం, అదీ ఒకే అంకెగా. గణితపరంగా ఇది మెరుగైనదే కావచ్చు. 60 చదరపు మీటర్ల తవ్వకం 20 మీటర్లలో సున్నాకు దిగుతోందనుకుంటే, సగటు వైశాల్య పద్ధతి 600 ఘనపు మీటర్లు చూపుతుంది. ఆ తవ్వకం నిజంగా పిరమిడ్‌లా కొస తేలితే అసలు పరిమాణం 400 మాత్రమే. తవ్వకం నుంచి నింపకానికి మారే చోట్లు ఎక్కువగా ఉండే కొండ వాలు రహదారిలో ఇలాంటి తేడాలు చిన్నవి కావు. అయితే పరిమాణాలను ఏ పద్ధతిలో కొలవాలన్నది సాఫ్ట్‌వేర్ తేల్చే విషయం కాదు, ఒప్పందం తేల్చే విషయం. ఒప్పందం సగటు వైశాల్యం అని చెబుతున్నప్పుడు, నివేదిక కూడా ఆ పద్ధతిలో, మెట్టు మెట్టుగా, కాగితం మీద సరిచూసుకునే రూపంలో ఉండాలి. కొత్త వెర్షన్‌లో ఆ పద్ధతి ఎక్కడో సెట్టింగుల అడుగున ఉంది, దొరికిన తరువాత కూడా అది ఇచ్చే పట్టికలో సగటూ మధ్య దూరమూ కనబడవు, ఫలితం మాత్రమే కనబడుతుంది.

మలుపుల విషయంలో కొత్తవారు తప్పక గమనించవలసిన ఒక మెలిక ఉంది. పాత వెర్షన్‌లో ఏ చైనేజీ దగ్గర మట్టం అడిగినా, అసలు వృత్తం నుంచి లెక్క కట్టి చెప్పేది. కొత్త మోడల్ నిర్ణీత దూరాలలో సెక్షన్లు నిలబెట్టి, వాటి మధ్య బిందువులను సరళరేఖలతో కలుపుతుంది. 300 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో ఆ దూరం 20 మీటర్లుగా ఉంటే, సరళరేఖ మధ్య బిందువు అసలు వృత్తం నుంచి దాదాపు 167 మిల్లీమీటర్లు తొలగి ఉంటుంది. దూరాన్ని 5 మీటర్లకు తగ్గిస్తే ఆ తేడా 10 మిల్లీమీటర్లకు దిగుతుంది. అలాగని 5 మీటర్లు అన్నిచోట్లా చాలదు: కూడలి మూలలో 15 మీటర్ల వ్యాసార్ధం ఉంటే అదే 5 మీటర్ల దూరానికి తేడా సుమారు 21 సెంటీమీటర్లు, అంటే కర్బు రాయి కంటికి కనబడేంతగా కోణాలుగా విరుగుతుంది. మలుపు ఎంత బిగువైతే సెక్షన్లు అంత దగ్గరగా పడేలా చేసే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, బాగా పనిచేస్తుంది కూడా. దాన్ని మొదట ఆపి ఉంచడం, దూరాన్ని 20 మీటర్ల దగ్గర స్థిరంగా పెట్టడం తయారీదారు ఎంపిక. పెద్ద మోడల్ వేగంగా తెరుచుకుంటుందని చూపించడానికి ఇది సాయపడుతుంది తప్ప, డిజైన్ చేసేవారికి దీనివల్ల మేలేమిటో నాకు బోధపడలేదు.

మాక్రోలు (పదేపదే చేసే పనులకు రాసుకున్న చిన్న ప్రోగ్రాములు) పోవడం వెర్షన్ మారినప్పుడు చాలాచోట్ల జరిగేదే. పాత ప్రోగ్రామింగ్ వ్యవస్థను తీసేసి కొత్తది పెట్టారు, పాత మాక్రోలను మళ్లీ రాసుకోవాలి. ఇందులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మలుపుల పట్టిక ఇచ్చే చిన్న మాక్రో. రహదారిలోని ప్రతి మలుపుకూ వ్యాసార్ధం, సూపర్ ఎలివేషన్ (మలుపులో రోడ్డు బయటి అంచును ఎత్తే వాలు), డిజైన్ వేగం తీసుకుని, వేగపు వర్గాన్ని 127తోనూ వ్యాసార్ధంతోనూ భాగించే తెలిసిన సూత్రం ప్రకారం బండి పక్కకు జారకుండా పట్టే ఒరిపిడికి ఎంత వాటా మిగులుతోందో అది చూపేది. గంటకు 80 కిలోమీటర్ల వేగం, 300 మీటర్ల వ్యాసార్ధం అయితే మొత్తం 0.168, అందులో సూపర్ ఎలివేషన్ 7 శాతం భరిస్తే టైర్లకూ రోడ్డుకూ మధ్య ఒరిపిడి భరించవలసింది 0.098. ఇప్పుడు ఈ పనిని తానే చేస్తానని కొత్త వెర్షన్ అంటుంది. ప్రమాణాల ఫైల్‌ను జతచేస్తే, పరిమితి దాటిన మలుపు పక్కన హెచ్చరిక గుర్తు వేస్తుంది. కానీ గుర్తు చెప్పేది దాటిందా లేదా అన్నంతవరకే. పరిమితికి వెంట్రుకవాసి లోపల ఉన్న మలుపుకూ, బోలెడంత వెసులుబాటు ఉన్న మలుపుకూ దానికి తేడా తెలియదు, రెండూ గుర్తు లేకుండానే కనబడతాయి. ఒకదాని వెంట ఒకటి వచ్చే మలుపులలో ఒక్కటి మాత్రం మిగతావాటి కన్నా కఠినంగా ఉందా అన్నది డ్రైవర్‌కు నిజంగా ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు అంకెల వరుసలో దొరుకుతుంది, గుర్తులో దొరకదు. ప్రమాణాల ఫైల్ ఏ సంవత్సరపు ప్రమాణాన్ని అనుసరిస్తోందో కూడా తెరిచి చూసుకోవడం మంచిది.

పాత ప్రాజెక్టులను తెచ్చుకునేవారికి కొన్ని మాటలు. ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి డిజైన్‌ను అందించే ఫైల్ రూపం) ద్వారా అలైన్‌మెంట్లు, ప్రొఫైళ్లు, నేల ఉపరితలాలు బాగానే వస్తాయి. 2008లో వచ్చిన దాని 1.2 వెర్షన్ ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. టెంప్లేట్ల వెనుక ఉన్న నియమాలు మాత్రం ఆ దారిలో రావు, వాటిని మళ్లీ కట్టుకోవాలి. దిగుమతి అయిన వెంటనే చూడవలసినవి చైనేజీ సమీకరణాలూ (చైనేజీ లెక్క మధ్యలో మారే చోట పాత, కొత్త అంకెలను కలిపే గుర్తులు) ట్రాన్సిషన్ కర్వులూ (నేరు రోడ్డు నుంచి మలుపులోకి మెల్లగా తీసుకెళ్లే వంపులు). పాత డిజైన్‌లో ఈ వంపుకు క్యూబిక్ పారాబోలా అనే ఆకారం వాడి, కొత్తదాంట్లో అది క్లోతాయిడ్ అనే వేరే ఆకారంగా చదవబడితే, తెర మీద గీతలు ఒకటిగానే కనబడతాయి గానీ మలుపు మొదలయ్యే బిందువు నిర్దేశాంకాలు మారతాయి, మలుపు బిగువైనకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. పాత ఫైల్‌ను ఒకసారి కొత్త రూపంలో భద్రపరిచాక పాత వెర్షన్‌లో తిరిగి తెరవడం కుదరదు, కాబట్టి నకలు మీదే పని మొదలుపెట్టాలి.

సహాయ పత్రాల నాణ్యత మొత్తం మీద బాగుంది. పాత కమాండ్‌కు ఎదురుగా కొత్త కమాండ్ చూపే పట్టిక కూడా ఇచ్చారు. అందులో కొన్ని పాత కమాండ్‌ల ఎదుట ‘ఇప్పుడు అవసరం లేదు’ అని రాసి ఉంది. ఎవరికి అవసరం లేదో రాయలేదు. సాంకేతిక సహాయ విభాగం ప్రశ్నలకు త్వరగానే, మర్యాదగానే జవాబిస్తుంది. చెరిగిపోయే సెక్షన్ మార్పుల గురించి అడిగినప్పుడు వారు ఇచ్చిన జవాబు, ఆ మార్పులను నియమాలుగా రాసుకొమ్మని.

కొత్త భూమి మీద అలైన్‌మెంట్లు, ఇంటర్‌చేంజ్‌లు చేసేవారు, మోడల్‌నే అప్పగించాలని యజమాని కోరుతున్న పనులు చేసేవారు ఈ వెర్షన్‌కు నిశ్చింతగా మారవచ్చు. ప్రధానంగా విస్తరణ, పటిష్ఠీకరణ పనులు చేసే కార్యాలయాలు సెక్షన్ సవరణ విషయం తేలేదాకా ఆగడం మేలని నా అభిప్రాయం. ఎవరైనా సరే, నడుస్తున్న ప్రాజెక్టు మధ్యలో మారకూడదు. పూర్తయిన ప్రాజెక్టులపై ప్రశ్నలు వచ్చే కాలం ముగిసేదాకా పాత వెర్షన్‌ను ఒక కంప్యూటర్‌లో లైసెన్సుతో సహా ఉంచుకోవాలి. కొనేముందు ఇచ్చే పరీక్షా వ్యవధిలో నమూనా ప్రాజెక్టును కాకుండా మీరు ఇదివరకే ముగించిన ఒక పనిని తీసుకుని, ఎంపిక చేసిన చైనేజీల దగ్గర మట్టాలను, మొత్తం మట్టిపనిని రెండు వెర్షన్లలోనూ తీసి పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా కారణం చూపమని అమ్మకందారును అడగండి. ఐదుకు నేను ఇచ్చేది మూడు. మోడల్ కోసమైతే నాలుగున్నర ఇచ్చేవాడిని. సెక్షన్లలో చేసిన మార్పుల జాబితా, మెట్టు మెట్టుగా కనబడే మట్టిపని పట్టిక తిరిగి వస్తే ఆ అంకెను మార్చడానికి నాకు అభ్యంతరం లేదు.