గాలాపగోస్ క్రూయిజ్: గైడుకి నూటికి నూరు, క్యాబిన్‌కి సున్నా

పసిఫిక్ సముద్రంలోని ఈ ఈక్వెడార్ దీవుల్లో జంతువులకు 2 మీటర్ల దూరంలో ఉండాలని గైడు మొదటి రోజే గట్టిగా చెప్పాడు. మనం ఉంటాం సరే, వాటికెవరు చెప్తారు? ఎస్పన్యోలా దీవిలో ఒక సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) పిల్ల తిన్నగా వచ్చి నా బూటు వాసన చూసింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పక్క రాళ్ల మీద ఒకదానిపై ఒకటి పడుకున్న ఎర్రటి ఇగువానాలు (సముద్రంలో మేసే పెద్ద బల్లులు) ముక్కుల్లోంచి ఫుస్సుమని ఉప్పునీళ్లు చిమ్ముతున్నాయి. సముద్రపు నాచు మేసేటప్పుడు ఒంట్లో చేరిన ఉప్పును అలా వదిలించుకుంటాయట. నా కళ్లజోడు మీద కూడా ఓ చుక్క పడింది, ఇంకా తుడవబుద్ధి కాలేదు.

పడవ సంగతంటారా, మా క్యాబిన్ సరిగ్గా ఇంజిన్ పక్కనే. రాత్రంతా మంచం వణుకుడే. గాలాపగోస్ జాతీయ పార్కు ప్రవేశ రుసుము 200 డాలర్లు టికెట్‌లో కలవలేదు, విడిగా నగదు ఉంచుకోండి. గది మాత్రం పై అంతస్తులోనే అడగండి.