బాపు పోయిన ఏడాది, పరకాలలో ఒక మీసేవ: నా రివ్యూ

మీసేవకు కూడా రివ్యూ రాస్తారా అని నవ్వేవాళ్లు నవ్వండి. బిర్యానీలో ముక్క చిన్నగా ఉందని పేజీలు పేజీలు రాసే జనం మనం, దీనికి రాస్తే తప్పేంది? 2025 మా ఇంటికి అస్సలు కలిసిరాలేదు. శివరాత్రికి ముందు బాపు పోయాడు, 53 ఏళ్లకే. శ్రావణంలో మేనమామ. ఇక అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను, హనుమకొండలో కాలనీలు మునిగిన ఆ వానకే మా పత్తి చేనులోనే తడిసి నల్లబడింది, 12 శాతం తేమ దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడిగిన రేటు చెప్పుకోకపోవడమే మంచిది.

పరకాల బస్టాండు దగ్గర్లో ఉంటుంది ఈ సెంటర్. పేరు రాయట్లేదు, రాస్తే రేపటి నుంచి అక్కడ నాకే జాగా దొరకదు. పెద్దకర్మ అయినాక కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడదామని అమ్మను తీసుకుని పోయాను. కంప్యూటర్ ముందున్న పిల్లగాడికి పాతికేళ్లు కూడా ఉండవు. బాపు బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తీస్తూ తీస్తూ ఆగి, ఒక లైను మీద వేలు పెట్టి, "అక్కా, ఈ 436 చూశారా?" అన్నాడు. మే నెలాఖరులో కట్ అయిన 436 రూపాయలు. బ్యాంకు చార్జీలేమో అనుకున్నాం మేం. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియమట. 50 ఏళ్లలోపు చేరితే 55 వరకు నడుస్తుంది, ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు. దాని కిందనే 20 రూపాయల కోత ఇంకొకటి ఉంది, అది సురక్ష బీమా, ప్రమాదాలకు మాత్రమే, బాపుది జబ్బు కాబట్టి మాకు రాదని అదీ అతనే చెప్పాడు. అంతకు ముందే బ్యాంకుకు పోతే ఖాతా మూసే ఫారం చేతిలో పెట్టి పంపారు, ఈ బీమా ఊసే ఎవరూ ఎత్తలేదు. ఆ ఫారం నింపి ఇచ్చేసి ఉంటే ఆ 436 సంగతి పాస్‌బుక్‌తో పాటే పోయేది. ఈ ఒక్క ముచ్చటకే నాలుగు స్టార్లు.

ఇంకో గుణం, తన పని కానిది తన పని కాదని చెప్తాడు. రైతుబీమా 5 లక్షలకు ఇక్కడ దరఖాస్తు ఉండదు, మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి పొండి అన్నాడు, పైసా తీసుకోలేదు. మరణ ధ్రువపత్రం ఊరి పంచాయతీలో ఇస్తారని మా చిన్నాన్న తిప్పుతుంటే, మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు, మీ బాపు హనుమకొండ ఆసుపత్రిలో పోయాడు కాబట్టి వరంగల్ కార్పొరేషన్ నుంచే రావాలి అని ఆ తిప్పలు తప్పించాడు. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు ఉండదు, తర్వాత ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా పోతుంది. మాది టైంకే అయింది కానీ ఆసుపత్రి వాళ్లు పంపిన పేరుకూ ఆధార్‌లో పేరుకూ ఒక అక్షరం తేడా. సర్టిఫికెట్ చేతికి రాగానే ఆధార్ పక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి. ఆ అక్షరం సరిచేయించేదాకా భూమి విరాసత్, అంటే వారసుల పేరు మీదకు మార్చే పని, కదల్లేదు. ఇప్పుడు తెలంగాణ భూముల చట్టం భూభారతిలో వారసులందరికీ నోటీసులిచ్చి, విచారణ చేసినాకే పట్టా మారుస్తున్నారు. టైం పట్టింది కానీ నాకైతే ఇదే నయమనిపించింది, రేపు అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు కొట్లాడుకునే పని ఉండదు.

ఇక బాగాలేనివి. కూర్చోడానికి రెండే కుర్చీలు, అందులో ఒకటి విరిగింది, మోకాళ్ల నొప్పులతో అమ్మ గోడకు ఒరిగి నిలబడింది. సర్వర్ డౌన్ అంటే ఎవరూ ఏం చేయలేరు, అది అతని తప్పు కాదు. గొంతు మాత్రం అతని తప్పే. "చనిపోయిన తారీఖు ఎంతమ్మా? జబ్బేంది?" అని బజారంతా వినేటట్టు అడుగుతాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే వెనుక క్యాస్ట్ సర్టిఫికెట్ కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లు దించి చూస్తున్నారు. తమ్ముడూ, ఇది చదివితే కొంచెం మెల్లగా అడుగు.

క్లెయిమ్ డబ్బు పడ్డాక మళ్లీ పోయాం, ఈసారి అమ్మ కాయితాల కోసం. పోయినోళ్ల పనులైపోతే ఇంటికి పోకుండా ఉన్నోళ్లవి కూడా చూసుకోమని ముందే చెప్పింది అతనే. బాపు పాత డిపాజిట్‌కు నామినీగా మా నానమ్మ పేరుంది, ఆమె పోయి చాలా ఏళ్లయింది, దాని కోసం పడ్డ టెన్షన్ మాకే తెలుసు. అమ్మకు 48, కాబట్టి 436 బీమాలో చేరింది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. అమ్మ మా ముగ్గురి పేర్లూ పెట్టింది, చెల్లెకు ఒక శాతం ఎక్కువ, ఎందుకంటే వంద మూడుకు సమంగా రాదు కదా (దీని మీద ఇంట్లో ఇప్పటికీ నవ్వులే). పట్టా అమ్మ పేరుకు మారింది కాబట్టి రైతుబీమాకు ఏఈఓకు కాయితాలు ఇచ్చేది ఉంది. వచ్చే వానాకాలం సగం చేనులో మక్క వేద్దామంటున్నాం, మొత్తం పత్తి మీదనే పెట్టే ధైర్యం ఈ ఇంట్లో ఇక ఎవరికీ లేదు.

పోయేవాళ్లు పొద్దున్నే పొండి, మధ్యాహ్నం దాటితే రద్దీ. ఒరిజినళ్లు మీ దగ్గరే పెట్టుకుని జిరాక్సులు రెండు సెట్లు బయట తీయించుకోండి, లోపల రేటు ఎక్కువ. పాస్‌బుక్ మాత్రం అప్‌డేట్ చేయించుకుని తీసుకెళ్లి అతనికి చూపించండి, అడగకపోయినా సరే. సంక్రాంతి వెళ్లాక మా అత్తమ్మవి కూడా పట్టుకుపోతున్నా, ఆమె నామినీ ఎవరో ఆమెకే గుర్తు లేదంటోంది.