బ్యాడ్జర్లను చూపించే పాడి రైతు, గ్లోస్టర్‌షైర్ (ఇంగ్లండ్)

చీకటి పడ్డాక ఓ తల్లి బ్యాడ్జరూ (బొరియల్లో ఉండే, రాత్రిళ్లు తిరిగే అడవి జంతువు) దాని పిల్లలూ వేరుశనగల కోసం మేం కూర్చున్న చెక్క గది కిటికీ దాకా వచ్చాయి. తెల్లటి ముఖం, కళ్ల మీదుగా రెండు నల్ల చారలు. గదిలో చలి ఎక్కువ, స్వెటర్ తప్పనిసరి.

నాకు బాగా నచ్చింది రైతు మాట తీరు. ఆయన మందలోనే టీబీ తేలి ఆవుల్ని వధకు పంపాల్సి వచ్చిందట. ఆవులకు టీబీ అంటిస్తాయని ఇక్కడ బ్యాడ్జర్లను చంపిస్తూ వచ్చారు. అయినా ఈయన వాటిని కాల్చనివ్వలేదు, వాటికి బీసీజీ టీకా వేయిస్తున్నారు. ఈ కౌంటీలో 2013లోనే వాటిని చంపడం మొదలైంది. ఇంగ్లండ్ మొత్తం మీద చంపినవాటి లెక్క రెండు లక్షలు దాటేసింది. అంతకుముందు 1998లో మొదలుపెట్టిన ప్రయోగంలో, చంపిన చోట ఆవుల్లో టీబీ తగ్గినా చుట్టుపక్కల పెరిగింది. మిగిలిన బ్యాడ్జర్లు చెదిరిపోయి దూరదూరాలు తిరగడమే కారణమన్నారు. మంద పోగొట్టుకున్న రైతు కోపం నాకు అర్థమవుతుంది. కానీ ముందు ఆవుల పరీక్షలు గట్టిగా జరగాలి.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, టికెట్లు ముందే బుక్ చేసుకోండి.