కిలో ప్యాకెట్ బాసిల్లస్ పొడి: వనామి రొయ్యల చెరువులో దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం ఆక్వా దుకాణాల్లో నీటి ప్రోబయోటిక్ (నీటిని బాగుచేసే మంచి బ్యాక్టీరియా) అంటూ ఇచ్చే పొడుల్లో చాలావాటిలో ఉండేది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా స్పోర్లే, అంటే నిద్రలో ఉన్న గింజల్లాంటి గట్టి రూపాలు. మిగతాది డెక్స్‌ట్రోజో, స్టార్చో. రొయ్యలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్, హైడ్రోజన్ సల్ఫైడ్ మూడూ తగ్గుతాయని లేబుల్ చెబుతుంది. కొనదగ్గ సరుకే, కాకపోతే ఆ లేబుల్‌ను నమ్మి అమ్మోనియా పెరిగిన రోజున ప్యాకెట్ విప్పితే పంట దక్కదు.

బాసిల్లస్ తినేది అడుగున పేరుకున్న మేత, రొయ్యల విసర్జన, చచ్చిన నాచు. సీడ్ (రొయ్యపిల్లలు) వదిలిన మొదటి నెల నుంచే వారం వారం వేస్తే అడుగు నల్లబడడం తగ్గుతుంది, కుళ్లిన గుడ్ల వాసన ఆలస్యమవుతుంది. ఈ పనికి మంచి మార్కులే ఇవ్వాలి. స్పోర్ గట్టిది కాబట్టి ఎండాకాలం దుకాణంలో ఉన్నా తట్టుకుంటుంది.

అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే నైట్రోసోమోనాస్, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే నైట్రోబాక్టర్ వేరే బ్యాక్టీరియా జాతులు. వాటికి స్పోర్లు కట్టే గుణం లేదు, పెరుగుదలా చాలా నెమ్మది. ఎండు పొడి ప్యాకెట్ మీద వాటి పేర్లు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టడమే మేలు. పైగా అవి పనిచేస్తే ఒక పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాము) అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 4.6 పీపీఎం ఆక్సిజన్, 7 పీపీఎం ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే క్షారగుణం) ఖర్చవుతాయి. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు చాలని చెరువులో ఏ కంపెనీ బ్యాక్టీరియా అయినా చేయగలిగింది తక్కువే.

బాసిల్లస్ కూడా అమ్మోనియాను తీసుకుంటుంది, తన ఒళ్లు పెంచుకోవడానికి. అందుకు దానికి పిండిపదార్థం కావాలి: గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు దాదాపు 20 గ్రాములు. ఎకరా చెరువులో నాలుగడుగుల నీరంటే 49 లక్షల లీటర్లు. అందులో ఒక పీపీఎం అంటే 4.9 కిలోలు, దానికి వంద కిలోల పిండిపదార్థం. రెండు కిలోల బెల్లం కలిపి చల్లి, మర్నాడు అమ్మోనియా చూసే కిట్‌లో రంగు మారలేదని పొడిని తిట్టుకుంటే ఏం లాభం? బెల్లం రోజుకు పది, పదిహేను కిలోలు మించకుండా పొద్దున్న పూటే పోయాలి. ఒక్కసారి గుమ్మరిస్తే బ్యాక్టీరియా పెరిగి, తెల్లవారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది. అంతకన్నా ముందు చేయాల్సింది మేత తగ్గించడం.

మోతాదు సంగతీ చూడాలి. గ్రాముకు వంద కోట్ల స్పోర్ల లెక్కన అరకిలో పొడిని ఎకరాలో నేరుగా చల్లితే మిల్లీలీటరుకు వంద కణాలు వస్తాయి. చెరువు నీటిలో ముందే లక్షల్లో ఉన్న బ్యాక్టీరియా మధ్య ఆ వంద దేనికి? అందుకే డ్రమ్ములో పెంచి పోయాలి. వంద లీటర్ల నీరు, అరకిలో పొడి, నాలుగైదు కిలోల బెల్లం, రెండు కిలోల తవుడు వేసి, ఎయిర్ పంపుకు తగిలించిన బుడగల రాయి ఆపకుండా 18 నుంచి 24 గంటలు నడపాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరైతే ముందు రోజంతా గాలి పట్టించాలి. కరెంటు పోయి గంటల తరబడి గాలి ఆగితే డ్రమ్ములో వేరే సూక్ష్మజీవులు పైచేయి అవుతాయి. తీపి కలిసిన పులుపు వాసన సరే. కుళ్లు వాసనొస్తే పారబోయాలి, బెల్లం ఖరీదు చూసి చెరువులో పోయొద్దు. పొద్దున్న ఎనిమిది, పది మధ్య ఏరియేటర్లు తిరుగుతుండగా చల్లాలి. ముసురు పట్టిన రోజు మానేయాలి.

బ్లీచింగ్, బీకేసీ, అయోడిన్ లాంటి క్రిమిసంహారకాలు వాడితే కనీసం మూడు రోజులు ఆగాలి, లేకపోతే కొన్న బ్యాక్టీరియాను మన చేత్తో మనమే చంపినట్టు. అమ్మోనియా ఎక్కువగా ఉన్నప్పుడు పీహెచ్ పెంచే కాల్చిన సున్నం అసలు తగదు. ఉప్పు తక్కువ నీటిలో 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఆరేడు శాతం, 9కి పోతే 40 శాతం. ఆల్కలినిటీ పెంచాలంటే డోలమైటో, వంటసోడానో వాడాలి.

బాహుదా నది మొగ దగ్గరి చెరువులకు వానల తర్వాత ఇంకో చిక్కుంది. ఏటి నీరు దిగి ఉప్పుదనం పడిపోతే నైట్రైట్ విషప్రభావం పెరుగుతుంది, ఎందుకంటే మొప్పల దగ్గర దాన్ని అడ్డుకునే క్లోరైడ్ తగ్గుతుంది. ఉప్పు ఎక్కువున్నప్పుడు రొయ్య ఓర్చుకున్న రీడింగే అప్పుడు చంపుతుంది. ఆ వారాల్లో ఈ పొడి మీద ఆధారపడకుండా నీరు మార్చడమో, ఉప్పునీరు చెరువులోకి తోడడమో చూసుకోవాలి.

ఈ పొడికి మార్కులేస్తే అడుగు శుభ్రానికి ఐదుకు నాలుగు, అమ్మోనియాకు రెండు, నైట్రైట్‌కు ఒకటి. కొనేముందు గ్రాముకు సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) ఎంతో, తయారీ తేదీ ఎప్పుడో, యాంటీబయాటిక్ లేదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చిన నంబరుందో లేదో చూడండి. విప్పిన ప్యాకెట్ మూతి బిగించి పొడిచోట ఉంచండి. తడి తగిలి గడ్డకట్టిన పొడిని డ్రమ్ములో వేయొద్దు.