డి.సి.పల్లి బొమ్మలు, ఉదయగిరి స్పూన్లు: మా నెల్లూరు ప్రయాణం

ఒంగోలు నుంచి నెల్లూరు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. బస్టాండు దగ్గర లాడ్జిలో 1,200కి గది దొరికింది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కానీ ఏడు దాటేదాకా వేడినీళ్లు రాలేదు, రాత్రంతా హారన్ల మోత. పిల్లలతో వెళ్లేవాళ్లు కాస్త ఎక్కువైనా లోపలి వీధుల్లో తీసుకోండి. ఉదయగిరికి ఆర్టీసీ బస్సులున్నాయి. అయితే మధ్యలో దిగి మళ్లీ బస్సు పట్టుకోవడం టెన్షనని రోజుకు 3,800కి కారు మాట్లాడుకున్నాం. ఆ డబ్బు దండగ కాలేదు.

ఆత్మకూరు దాటాక మర్రిపాడు మండలంలో ఉంది డి.సి.పల్లి. ఆ పేరు చెప్తే మా వైపు రైతులకు పొగాకు వేలం గుర్తొస్తుంది. మేం వెళ్లింది తోలుబొమ్మల కోసం.

వరండాలో ఒక పెద్దాయన మేకతోలు మీద వంగి కూర్చున్నారు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెట్టిన తోలు అది. ఎత్తి పట్టుకుంటే అవతల చెట్టు మసకగా కనిపించింది. దాని మీద సీత బొమ్మ గీసి ఉంది. సన్న మొన ఉన్న ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, చిన్న చుక్క. పక్కనే ఇంకోటి. అలా మెడ చుట్టూ మూడు వరసలు. "నగలు రంగుతో వెయ్యం పాపా, పొడుస్తాం" అన్నారు. బొమ్మను బల్బు ముందు పెట్టగానే ఆ చుక్కల్లోంచి వెలుగొచ్చి హారం మెరిసింది. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. వడ్డాణం, కిరీటం, చీర అంచు, అన్నీ అంతే. బొమ్మకు వేషం కట్టేది ఆ చిల్లులే.

ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయేవి లాంప్ షేడ్లు. మేమూ 900 పెట్టి ఒకటి కొన్నాం, బేరం ఆడలేదు. రెండు గంటలు కూర్చుని పని చూశాక బేరమాడటానికి నోరు రాలేదు. దారిలో ఒక షాపులో ఇలాంటిదే సగం ధరకు చూపించారు. వెలుతురుకు పెట్టి చూస్తే చిల్లులన్నీ ఉత్త ప్రింటు. అసలు తోలైతే చిల్లు వేలికి తగులుతుంది, సన్నగా నరాల గీతలు కూడా కనిపిస్తాయి.

డి.సి.పల్లి పెద్దాయన అడగ్గానే తోలుబొమ్మలాటలో నవ్వించే జంట జుట్టుపోలిగాణ్ణి, బంగారక్కను తీసి గోడ మీద రెండు నిమిషాలు ఆడించారు. గొంతు మార్చి ఇద్దరి మాటలూ ఆయనే. అంతసేపూ ఆయన కాలు నేలమీద తాళం వేస్తూనే ఉంది. ఆ రెండు నిమిషాల్లో ఆయన వయసు ఇరవయ్యేళ్లు తగ్గినట్టనిపించింది. "షేడ్లు కొంటారమ్మా, ఆటకే పిలవరు" అన్నారు బొమ్మల్ని చుట్టిపెడుతూ.

మధ్యాహ్నానికి ఉదయగిరి చేరాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఎండలో కింది నుంచే చూశాం. ఎక్కాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి. చెక్క స్పూన్లు చేసే ఇంట్లో ఒకావిడ నర్ది చెక్కతో చేసిన ఫోర్కు పళ్లను ఆకురాయితో సాన పడుతున్నారు. ఈ పనికి జీఐ, అంటే ఆ ప్రాంతం పేరుతో ఇచ్చే భౌగోళిక గుర్తింపు ఉంది. పిడి మీద పువ్వు చెక్కడానికే చాలాసేపు పడుతుందట. ఆరు స్పూన్లు తీసుకున్నాం. వాడాక నానబెట్టకుండా కడిగి తుడిచేయాలని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇలాంటి ఇళ్లలో ఫోన్ పే మీదే ఆధారపడకండి, మాకు సిగ్నల్ అందలేదు. చిల్లర నోట్లు పట్టుకెళ్లండి.

నెల్లూరు తిరిగొచ్చి చేపల పులుసు తిన్నాం. బాగుంది, కానీ నా మనసంతా ఆ వరండాలోనే ఉంది. లాంప్ షేడ్ కొని వచ్చేస్తే ఆయన చేతికి పని దొరుకుతుంది, గొంతుకు దొరకదు. ఇంటికొచ్చిన మర్నాడే మా ఊరి గుడి పెద్దలతో మాట్లాడాను. శివరాత్రి జాగారానికి ఈసారి ఆర్కెస్ట్రా బదులు తోలుబొమ్మలాట పెట్టించమని అడిగాను. సగం మంది ఒప్పుకున్నారు. మిగతావాళ్ల ఇళ్లకు ఈ ఆదివారం షేడ్ పట్టుకుని వెళ్తున్నాను.