పాత పికప్‌తో క్యాంపర్ లాగాలంటే: ఎయిర్ స్ప్రింగులు మేలా, బరువు పంచే హిచ్ మేలా?

క్యాంపర్ (లోపల బస చేయడానికి వీలుండే బండి) తగిలించగానే పాత పికప్ వెనుక భాగం కుంగి, ముందు భాగం పైకి లేస్తుంటే దాన్ని సరిచేయడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య గాలి నింపే ఎయిర్ స్ప్రింగులు బిగించడం ఒకటి. ఉక్కు స్ప్రింగ్ బార్ల బిగింపుతో బరువును ఇరుసులన్నిటికీ పంచే హిచ్ (పికప్‌ను క్యాంపర్‌తో కలిపే అమరిక) వాడడం మరొకటి. దేనితోనైనా బండి చూపుకు సమంగానే నిలుస్తుంది. అయితే చక్రాల మీద పడే బరువు విషయంలో ఈ రెండూ చేసే పని పూర్తిగా వేరు కాబట్టి, చూపును బట్టి కాక బరువును బట్టే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

సామానుతో కలిపి క్యాంపర్ 2,500 కిలోలు ఉందనుకుందాం. అందులో 10 నుంచి 15 శాతం వరకు హిచ్ బాల్ (క్యాంపర్ ముందు కొనను తగిలించే లోహపు గుండు) మీద ఆనాలి. మరీ తక్కువ ఆనితే వేగం పెరిగినప్పుడు క్యాంపర్ పక్కలకు ఊగడం మొదలవుతుంది. 12 శాతం చొప్పున అది 300 కిలోలు. ఆ బాల్ వెనుక ఇరుసుకు 1.4 మీటర్ల వెనుక ఉండి, పికప్ రెండు ఇరుసుల మధ్య దూరం 3.5 మీటర్లయితే, ముందు ఇరుసు మీది నుంచి 120 కిలోల బరువు తొలగిపోతుంది, వెనుక ఇరుసు మీద మాత్రం 300కు బదులు 420 కిలోలు అదనంగా పడతాయి. దానితో స్టీరింగ్ తేలికవుతుంది, ముందు చక్రాల బ్రేకు పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడతాయి.

ఎయిర్ స్ప్రింగులు వెనుక భాగాన్ని పైకెత్తి హెడ్‌లైట్లను చాలావరకు సరిచేస్తాయి, కానీ ముందు ఇరుసు కోల్పోయిన ఆ 120 కిలోలను తిరిగి తేలేవు. బరువు పంచే హిచ్ తేగలదు: దాని బార్లను బిగించినప్పుడు బరువులో కొంత ముందు ఇరుసుకూ, కొంత క్యాంపర్ ఇరుసులకూ చేరుతుంది. అందుకే వెనుక బాల్‌కు తగిలించి లాగే మామూలు క్యాంపర్‌కు నేను నిస్సందేహంగా ఈ హిచ్‌నే ముందు కొనమంటాను. పికప్ తొట్టిలోనే కూర్చునే క్యాంపర్‌కూ, వెనుక ఇరుసుకు సరిగ్గా పైన ఆనే ఫిఫ్త్ వీల్ క్యాంపర్‌కూ ఈ తీర్పు వర్తించదు. అక్కడ ముందు ఇరుసును తేల్చే బరువు దాదాపు ఉండదు కనుక ఎయిర్ స్ప్రింగులే సరైనవి.

బండి పాతది కావడం వల్ల ఈ పోలికలో మరికొన్ని చిక్కులు చేరతాయి. హిచ్ బార్ల బిగింపు రిసీవర్‌నూ (హిచ్‌ను దూర్చేందుకు పికప్ వెనుక బిగించే అమరిక) ఛాసిస్‌నూ మెలితిప్పుతుంది కాబట్టి, తుప్పు పొరలు రాలుతున్న ఛాసిస్‌కు, వెల్డింగ్ చీలిన రిసీవర్‌కు దాన్ని తగిలించడం ప్రమాదకరం. రిసీవర్ మీది చీటీలో బరువు పంచే హిచ్‌తో ఎంత మోయగలదో విడిగా రాసి ఉందో లేదో చూడాలి. మరోవైపు, పగిలిన లేదా వాలిపోయిన కమాన్ పట్టీల లోపాన్ని ఎయిర్ స్ప్రింగులు కప్పిపుచ్చుతాయి. ఖాళీ బండే వెనుక వాలి ఉంటే మొదట ఆ పట్టీలు మార్చాలి, ఆ తరువాతే మిగతా ఆలోచన. ఈ రెండింటిలో ఏదీ తయారీదారు నిర్ణయించిన బరువు పరిమితిని ఒక్క కిలో కూడా పెంచదు. పాత బండ్ల లాగుడు సామర్థ్యపు అంకెలను కొత్త బండ్లవాటితో పోల్చడం కూడా తగదు. అందరికీ ఒకే పరీక్షను నిర్దేశించే, వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ రూపొందించిన జె2807 ప్రమాణం 2008లో వెలువడింది, అంతకుముందు ఒక్కో తయారీదారు తన పద్ధతిలో తాను లెక్కించేవారు.

రెండూ కలిపి వాడవచ్చు. అప్పుడు ఎయిర్ స్ప్రింగుల్లో తక్కువ గాలి ఉంచి మొదట హిచ్‌ను సరిచూసుకోవాలి, ఎందుకంటే తరువాత గాలి పెంచితే వెనుక భాగం లేచి బార్ల బిగింపు సడలుతుంది, పంచిన బరువు మళ్లీ వెనక్కి వస్తుంది.

బ్రేకుల ఖర్చును మాత్రం ఈ రెండింటిలో దేనికోసమూ వాయిదా వేయకూడదు. క్యాంపర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులుంటే, నిర్ణీత సమయంలో ఒకే తీరుగా కరెంటు పంపే కంట్రోలర్ కన్నా, బండి వేగం తగ్గే తీవ్రతను బట్టి పంపే కంట్రోలరే మేలు. ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు విడి ఆయిల్ కూలర్ కూడా అంతే అవసరం.

హిచ్ బిగించాక వేబ్రిడ్జి మీద మూడుసార్లు తూచాలి: పికప్ ఒక్కటే, క్యాంపర్ తగిలించి బార్లు లేకుండా, తరువాత బార్లు బిగించి. ప్రతిసారీ ముందు ఇరుసు బరువును విడిగా రాసుకుని, మూడో అంకెను బండి మాన్యువల్ చెప్పిన మేరకు మొదటి అంకె వైపు తేవాలి. దాన్ని మించి బిగిస్తే వెనుక చక్రాల పట్టు తగ్గి, మలుపుల్లో బండి వెనుక భాగం జారే ప్రమాదం ఉంటుంది.